నిద్రలేమియు మనసు కుంగుబాటును

ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదు అని మనవారి సామెత. పగలెల్ల పొలమున పాటుపడినవాడు గట్టుమీద నడుము వాల్చినను వెంటనే నిద్రించును. పట్టుపఱుపుమీద శయనించిన వానికి ఒక్కొక్కప్పుడు తెల్లవార్లును కన్ను మూతపడదు. నిద్ర యనునది పఱుపును బట్టి వచ్చునది కాదనియు, దేహస్థితిని మనఃస్థితిని బట్టి వచ్చునదనియు మన పూర్వులు గ్రహించియే యుండిరి. చరకసంహిత దేహమును నిలువబెట్టు ఆధారములు మూడింటిని చెప్పుచు, ఆహారము తరువాత నిద్రనే పేర్కొన్నది.

అట్టి నిద్ర చెడినప్పుడు మనము చేయుచున్న దేమి? ఇంటిలోని పెద్దవారు, రాత్రి రెండు గంటలకే మెలకువ వచ్చినదనియు మఱల కన్ను మూతపడలేదనియు చెప్పినచో, "వయస్సు మీదపడినది గదా, నిద్ర తగ్గుట సహజమే" అని యూరకుందుము. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. వయస్సుతో నిద్ర కొంత పలుచబడును. మధ్యమధ్య మెలకువ వచ్చుటయు గలదు. కాని ఈ సగము సత్యము చాటున ఒక రోగము దాగియుండి, ఏండ్ల తరబడి ఎవరికంటను పడక, మనుష్యుని లోలోపల తినివేయుచుండుటయు గలదు. ఆ రోగమును వైద్యులు డిప్రెషన్ అందురు. పత్రికలవారు కుంగుబాటు అని వ్రాయుచున్నారు. నిద్రలేమికిని ఈ కుంగుబాటునకును గల సంబంధ మెట్టిదో, మెదడును పరిశీలించిన శాస్త్రజ్ఞులు దానినిగూర్చి ఏమి కనుగొనిరో, అందువలన మనకు కలుగు ప్రయోజన మేమో నేటి ప్రసంగమున మనవిచేసెదను.

మొట్టమొదట ఒక భేదమును గుర్తింపవలెను. చింత వేఱు, శోకము వేఱు, కుంగుబాటు వేఱు. ఉద్యోగపర్వమున సంజయుడు పాండవులయొద్దనుండి తిరిగివచ్చి, వారి మాటలు మఱునాడు సభలో చెప్పెదనని వెడలిపోయిన రాత్రి ధృతరాష్ట్రునకు నిద్ర పట్టలేదు. విదురుని పిలిపించుకొని యతని నీతులు వినుచు ఆ రాత్రి గడపెను. సంస్కృత భారతమున ఆ భాగమునకు ప్రజాగరపర్వమనియే పేరు. ఆ ముసలిరాజు నిద్రలేమికి కారణ మున్నది. ఆ కారణ మతనికిని తెలియును. బిడ్డ పెండ్లి, అప్పు వాయిదా, పైరుపై తెగులు, వీనివలన నిద్ర చెడుటయు నట్టిదే. ఆ పని గట్టెక్కినచో నిద్ర తిరిగివచ్చును. అయినవారు పోయి దుఃఖించువానికిని నిద్ర యుండదు. కాని యాతని దుఃఖము అలలవలె వచ్చి పోవుచుండును. నడుమ మనుమని ముద్దుమాటలకు చిఱునవ్వు నవ్వగలడు.

కుంగుబాటు అట్టిది కాదు. ఇంచుమించు ప్రతిదినమును, దినములో అధికభాగమును మనస్సు చీకటిగా నుండుట యొకటి. పూర్వము ప్రీతి గలిగించిన పశువులయందు గాని, భజనయందు గాని, మనుమలయందు గాని అభిరుచి పోవుట మఱియొకటి. ఈ రెండింటిలో ఒకటియైనను రెండు వారములకు తక్కువగాక నిలిచియుండును. దానితోడ ఆకలి చెడుట, ఒంట సత్తువ లేకుండుట, బుద్ధి నిలువకుండుట, నేనెందులకును పనికిరాను, ఇంటికి బరువైతిని అని తలచుట, చావుమీదికి తలపు పోవుట, వీనిలో కొన్ని చేరును. నిద్ర చెడుట మాత్రము చాలమందిలో కనబడును. కొందఱికి పడుకొన్న గంటలకును పట్టదు. కొందఱికి మాటిమాటికి మెలకువ వచ్చును. కొందఱు, విశేషముగా వయసువారు, అతిగా నిద్రింతురు. పెద్దవారిలో తఱచుగా కనబడునది వేకువకు చాల ముందే మెలకువ వచ్చుట. ఆ చీకటివేళ తన బ్రతుకంతయు వ్యర్థమైనట్లు తోచును. ప్రొద్దెక్కిన కొలది మనస్సు కొంత తేలికపడును. ఇట్టి క్రమము కనబడినచో అది కేవలము వయస్సు కాదని శంకింపవలెను.

మన పల్లెలలో ఈ రోగము కనబడకుండుటకు వేఱొక కారణము గలదు. నా మనస్సు బాగులేదని చెప్పుకొనుట మనవారికి అలవాటు లేదు. తల బరువు, గుండె దడ, కడుపులో మంట, కాళ్ల పీకుడు, నీరసము అని చెప్పుదురు. బలమునకని సెలైను ఎక్కించుకొందురు. రెండుదినములు బాగున్నట్లుండి మఱల మొదటికి వచ్చును. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16 సంవత్సరములలో దేశములోని పలు రాష్ట్రములందు జరిపిన సర్వేలో, పెద్దవయస్సు వచ్చినవారిలో ఇంచుమించు 20 మందికి ఒకరు జీవితమున ఎప్పుడో యొకప్పుడు కుంగుబాటునకు లోనైనట్లు తేలినది. అనగా ఇది ఎక్కడనో యుండు వింతరోగము కాదు. ప్రతి వీధిలోను ఉన్నది.

ఇక నిద్ర సంగతి. నిద్రించునప్పుడు మెదడు పనిమాని యూరకుండునని చాలకాలము తలచుచుండిరి. జర్మనీలో యేనా నగరమున హాన్స్ బెర్గర్ అను మానసికవైద్యుడు 1924లో మనుష్యుని తలనుండి మెదడులోని సన్నని విద్యుత్తరంగములను యంత్రముచే గీయించి, 1929లో ఆ సంగతి ప్రకటించెను. అది మొదలు నిద్రను కొలుచుటకు సాధనము చిక్కినది. 1953లో చికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు, నిద్రించువాని ఱెప్పల క్రింద కనుగ్రుడ్లు ఒక్కొక్క సమయమున వడివడిగా కదలుచుండుననియు, ఆ సమయమున లేపినచో తఱచుగా కల గంటిమని చెప్పుదురనియు ప్రకటించిరి. మన వేదాంతులు జాగ్రత్తు, స్వప్నము, సుషుప్తి అని మూడవస్థలను చెప్పియున్నారు. యంత్రము గీసిన గీతలలోను మెలకువకును, కలల నిద్రకును, గాఢనిద్రకును వేఱువేఱు గుర్తులు కనబడినవి.

ఆరోగ్యవంతుడు నిద్రపోవగానే మొదట క్రమముగా గాఢనిద్రలోనికి దిగును. సుమారు 90 నిమిషములకు తొలి కలల నిద్ర వచ్చును. ఇట్లు రాత్రికి నాలుగైదు ఆవృత్తములు నడచును. పూర్వరాత్రమున గాఢనిద్రయు, తెల్లవాఱుజామున కలల నిద్రయు అధికము. కుంగుబాటు గలవారిలో చాలమందికి ఈ క్రమము తప్పియుండుట వైద్యులు గమనించిరి. గాఢనిద్ర తగ్గును. కలల నిద్ర రావలసిన వేళకు ముందే వచ్చును. అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున డేవిడ్ కుప్ఫర్ అను వైద్యుడు 1976లో ఈ తొందరపాటును కుంగుబాటునకు ఒక గుర్తుగా చెప్పెను. అందఱు రోగులలోను ఇది యుండదనియు, వేఱు రోగములలోను కొన్నియెడల కనబడుననియు తరువాత తెలిసినది. అయినను కుంగినవాడు నాకు నిద్రలేదని చెప్పుట వట్టి మాట కాదని, ఆ నిద్ర యొక్క కూర్పే మాఱినదని దీనివలన స్పష్టపడెను.

కూర్పు ఏల మాఱెను? ఈ ప్రశ్నకు తలలోపలికి చూడవలసివచ్చెను. మెదడులో ఏ భాగము పనిచేయునో ఆ భాగమునకు రక్తము అధికముగా ప్రవహించును. సీజీ ఒగావా అను జపానుదేశీయుడు అమెరికాలో పనిచేయుచు, రక్తములోని ప్రాణవాయువు హెచ్చుతగ్గులను పెద్ద అయస్కాంతయంత్రముచే కనిపెట్టవచ్చునని 1990లో చూపెను. తలకు గాయము చేయకయే, సూది గ్రుచ్చకయే మెదడు పనిచేయు తీరును చూచుటకు మార్గ మేర్పడెను. 1995లో భరత్ బిశ్వాల్ అనునాతడును అతని తోడివారును మఱియొక సంగతి కనుగొనిరి. ఏ పనియు చేయక ఊరక పండుకొన్న వాని మెదడులో కూడ దూరదూరముగా నున్న భాగములు కొన్ని ఒకేసారి హెచ్చి ఒకేసారి తగ్గుచుండెను.

దీని యర్థము మన రైతులకు సులభముగా తెలియును. రెండు పంటకాలువలు వేఱువేఱు ఊళ్లలో పాఱుచున్నవనుకొనుడు. రెండింటిలోను నీరు ఎప్పుడు హెచ్చినను ఒకేసారి హెచ్చుచు, ఎప్పుడు తగ్గినను ఒకేసారి తగ్గుచుండినచో, ఆ రెండింటికిని ఎగువ నెక్కడనో సంబంధమున్నదని త్రవ్వి చూడకయే చెప్పవచ్చును. అట్లే కలిసి హెచ్చి కలిసి తగ్గు భాగములనన్నిటిని ఒక కూటముగా లెక్కించి, దానికి శాస్త్రజ్ఞులు నాడీజాలమని పేరిడిరి. మెదడులో ఇట్టి జాలములు పెక్కులు గలవు. మన ప్రసంగమునకు కావలసినవి మూడు.

మొదటిది, బయటి పని లేనప్పుడు తనలో తాను తలపోసుకొనునప్పుడు పనిచేయు జాలము. జరిగినది, జరుగబోవునది, నేను, నావారు అను తలపులకు ఇది ఆధారము. అమెరికాలో సెయింట్ లూయీ నగరమున మార్కస్ రైకిల్ మొదలగువారు 2001లో దీని స్వరూపమును వివరించిరి. రెండవది, నుదుటివెనుక భాగము ప్రధానముగా గల జాలము. ఆలోచనను ఒకదారిని నడపుట, వలదన్న తలపును ఆపుట దీని పని. మూడవది భయమును, బాధను, అపాయమును పసిగట్టు జాలము. బాదముగింజ ఆకారమున మెదడులోపల ఇరుప్రక్కలను ఉండు చిన్నభాగములు దీనిలో ముఖ్యమైనవి. వైద్యులు వానిని అమిగ్డలా అందురు.

ఆరోగ్యముగా నున్నప్పుడు ఈ మూడును ఒకదానికొకటి చోటిచ్చుచు నడచును. పనిలో దిగినప్పుడు తలపోత తగ్గును. అపాయము లేనప్పుడు కావలివాడు సద్దుమణగును. కుంగుబాటులో ఈ సర్దుబాటు చెడును. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున యివెట్ షెలీన్ మొదలగువారు 2010లో చేసిన పరిశోధనలో, కుంగుబాటు రోగులయందు ఈ మూడు జాలములును మెదడు ముందుభాగమున పైనున్న ఒక చోటితో ఎక్కువ బిగువుగా ముడిపడియున్నట్లు కనబడెను. రోగి బాధ మనకు తెలిసినదే. పశువు నెమరు వేసినట్లు ఒకే తలపును మఱలమఱల నెమరువేయును. ఆపవలెనన్నను ఆగదు. ఆ తలపుతో భయమును, భయముతో తలపును పెరుగుచుండును. పగలు పదిమందిలో నున్నప్పుడు కొంత మఱపు. రాత్రి దీప మార్పి పడుకొన్నప్పుడు ఆ మఱపు లేదు.

నిద్రలేమికిని దీనికిని గల పొత్తును నేరుగా పరిశీలించిన పని 2018లో వెలువడెను. చైనాలోని ఫుదాన్ విశ్వవిద్యాలయము, ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయము, వీనికి చెందిన శాస్త్రజ్ఞులు అమెరికాలో 1017 మంది మెదడు చిత్రములను, వారి మనఃస్థితిని, వారి నిద్రను పోల్చి చూచిరి. వీరు ఆసుపత్రిలో చేరిన రోగులు కారు, సామాన్యజనులు. కుంగుబాటు లక్షణములు ఎక్కువగా గలవారిలో కొన్ని భాగముల నడుమ బంధము బిగిసియుండెను. నిద్ర చెడినవారిలోను వానిలో కొన్ని బంధములు బిగిసియుండెను. తన్నుగూర్చి తలపోయు భాగములు, నిరాశకు శిక్షకు స్పందించు నుదుటి క్రిందిభాగము, జ్ఞాపకములను భద్రపఱచు భాగము, బాదముగింజవంటి భాగము, ఇవి వానిలోనివి. ఇంగ్లండు మొదలగు బ్రిటిషు ప్రాంతములలోని వేఱొక 8718 మంది చిత్రములతో సరిచూడగా అందును ఈ పొత్తు కనబడెను. కుంగినవారి నిద్ర చెడుటకు, ఆఱని తలపోతయు చల్లాఱని బాధయు ఒక మార్గమని వారు అభిప్రాయపడిరి.

ఇది ఒక ప్రక్క. రెండవ ప్రక్క కూడ చూడవలెను. మనస్సు చెడి నిద్ర చెడుట యున్నట్లే, నిద్ర చెడి మనస్సు చెడుటయు గలదు. 2007లో అమెరికాలో 26 మంది ఆరోగ్యవంతులైన యువజనులను రెండు పక్షములుగా విభజించి, ఒక పక్షమువారిని సుమారు 35 గంటలు మేలుకొని యుండజేసి, పిమ్మట వారికి జుగుప్స, భయము గలిగించు బొమ్మలను చూపిరి. మేలుకొన్నవారిలో బాదముగింజవంటి భాగము, నిద్రించినవారికంటె నూటికి 60 వంతులు హెచ్చుగా చెలరేగెను. దానిని అదుపున నుంచవలసిన నుదుటివెనుక భాగముతో దాని బంధము సడలెను. అనగా ఒక్కరాత్రి నిద్ర పోయినంతనే గుఱ్ఱము బలిసినది, కళ్లెము వదులైనది. నెలల తరబడి నిద్రలేనివాని సంగతి చెప్పనేల?

ఇందొక వింత గలదు. 1971లో జర్మనీలో ఫ్లూగ్, టోల్లె అను వైద్యులు, కుంగిన రోగులను ఒక రాత్రియంతయు మేలుకొలిపి యుంచినచో పలువురికి మఱునాడు మనస్సు తేలికపడుటను ప్రకటించిరి. తరువాత జరిగిన పరీక్షలలో ఇంచుమించు సగముమందికి అట్లు జరిగెను. కాని మఱల నిద్రించి లేవగానే చాలమంది యెప్పటి స్థితికే వచ్చిరి. ఇది ఇంటిలో చేసి చూడవలసిన చికిత్స కాదు. నిద్రయు మనస్సును ఎంత లోతుగా పెనవేసికొనియున్నవో తెలుపుటకు మాత్రము దీనిని చెప్పితిని.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఈ మాటలు విని, మా నాయనగారికి ఎం.ఆర్.ఐ. తీయించినచో కుంగుబాటు ఉన్నదో లేదో తెలియునా అని ఎవరైన అడుగవచ్చును. తెలియదు. పైన చెప్పిన భేదములు వందలమంది వేలమంది చిత్రములను కలిపి లెక్కించినప్పుడు కనబడునట్టి సూక్ష్మములు. ఒక్క మనుష్యుని చిత్రమునుబట్టి అతనికి కుంగుబాటు కలదని గాని లేదని గాని నిర్ణయింప వీలులేదు. వైద్యుడు తల చిత్రము తీయించుట వేఱు రోగములు లేవని నిశ్చయించుకొనుటకు. కుంగుబాటును కనుగొనునది ఓపికతో అడిగిన ప్రశ్నలును, ఓపికతో విన్న సమాధానములును మాత్రమే. కావున ఈ పేరిట డబ్బు వ్యయపఱుపవలదు.

ఇక ముందేది, వెనుకేది అను ప్రశ్న. మొదట వైద్యులు నిద్రలేమిని కుంగుబాటునకు నీడవంటిదని తలచిరి. రోగము పోయినచో నీడయు పోవునని వారి యభిప్రాయము. 1989లో ఫోర్డ్, కామెరో అనువారు అమెరికాలో 7954 మందిని ఒక సంవత్సరము వ్యవధితో రెండుసార్లు ప్రశ్నించి వ్రాసిన వ్యాసము ఈ యభిప్రాయమును కదల్చెను. రెండుమార్లును నిద్రలేమి గలదని చెప్పినవారిలో క్రొత్తగా కుంగుబాటు పుట్టుట మిక్కిలి హెచ్చుగా నుండెను. 2011లో ఇట్టి పరిశోధనలు ఇరువదికి పైగా కలిపి లెక్కింపగా, కుంగుబాటు లేక నిద్రలేమి మాత్రమే గలవారికి తరువాత కుంగుబాటు వచ్చు నవకాశము, బాగుగా నిద్రించువారికంటె రెండురెట్లని తేలెను. అనగా నిద్రలేమి నీడ మాత్రమే కాదు. అది ముందుగా వచ్చి తలుపు తట్టు చుట్టము.

అట్లైనచో ముందుగానే నిద్రను బాగుచేసినచో కుంగుబాటు రాకుండ ఆపవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము 2021లో కాలిఫోర్నియానుండి వచ్చెను. అది ముఖ్యముగా పెద్దలకు సంబంధించినది. లాస్ ఏంజలీసు నగరమున మైకేల్ అర్విన్ అను వైద్యుడును అతని తోడివారును 60 ఏండ్లును అంతకు పైనను వయస్సు గలిగి, నిద్రలేమితో బాధపడుచు, ఆ సమయమున కుంగుబాటు లేని 291 మందిని తీసికొని, చీట్లు వేసినట్లు రెండు పక్షములుగా విభజించిరి. ఒక పక్షమువారికి రెండు నెలలపాటు వారమున కొకసారి నిద్ర యలవాట్లను, నిద్రనుగూర్చిన తలపులను సరిదిద్దు చికిత్స చేసిరి. రెండవ పక్షమువారికి అంతే కాలము నిద్రనుగూర్చిన మంచిమాటలు బోధించిరి. పిమ్మట మూడేండ్లు కనిపెట్టి చూచిరి. మంచిమాటలు మాత్రమే విన్నవారిలో నూటికి సుమారు 26 మందికి కుంగుబాటు వచ్చెను. చికిత్స పొందినవారిలో నూటికి సుమారు 12 మందికి మాత్రమే వచ్చెను. నిద్ర బాగుపడి యట్లే నిలిచినవారికి మేలు మఱింత అధికముగా నుండెను. ఇందులో మందుబిళ్ల యేదియు లేదు. వయస్సు మీఱిన పిమ్మట నిద్రను చక్కబెట్టుట వ్యర్థమన్న మాటను ఈ లెక్కలు త్రోసిపుచ్చుచున్నవి.

ఆ చికిత్సలోని సారమును చెప్పెదను. నిద్రలేనివాడు సాధారణముగా చేయు పొరపాటేమనగా, రాత్రి నిద్ర చాలలేదని పెందలకడ పడుకొనుట, తెల్లవాఱినను మంచము దిగకుండుట, పగలు మఱల నడుము వాల్చుట. తొమ్మిది గంటలు మంచముమీద నుండి ఐదు గంటలు నిద్రించును. తక్కిన నాలుగు గంటలు నెమరువేతకే చెల్లును. నీరు కొంచెమై పొలము పెద్దదైనప్పుడు అంతటను పాఱించినచో ఏ మడియు తడియదు. మడిని తగ్గించి పాఱించిన నాడే పైరు నిలుచును. అట్లే మంచముమీది కాలమును మొదట తగ్గించి, నిద్ర చిక్కబడిన పిదప వారమునకు కొంచెముగా పెంచుకొనుచు పోవుదురు. మూర్ఛరోగము గలవారు, ఎప్పుడైన అతిహుషారు రోగము వచ్చినవారు, బండి నడుపువారు ఇట్టి తగ్గింపును వైద్యుని యడుగక చేయరాదు. తక్కినవారును వైద్యుని సలహాతో చేయుటయే మేలు.

ఎవరైనను నిర్భయముగా పాటింపదగినవి మఱికొన్ని గలవు. రాత్రి నిద్ర ఎట్లున్నను ఉదయము ఒకేవేళకు లేవవలెను. లేచిన పిమ్మట కొంతసేపు ఎండలో తిరుగవలెను. కునుకు వచ్చుచున్నప్పుడే మంచ మెక్కవలెను. ఇంచుమించు ఇరువది నిమిషములకును పట్టకున్నచో లేచి, అరుగుమీదనో మఱియొకచోటనో నెమ్మదిగా కూర్చుండి, కునుకు వచ్చినప్పుడు తిరిగి రావలెను. గడియారమును మాటిమాటికి చూడరాదు. మంచము నిద్రకే గాని లెక్కలకును, తగవులకును, సెల్‌ఫోను చూచుటకును కాదు. మధ్యాహ్నపు నిద్ర అలవాటున్నచో అరగంటకు మించనీయరాదు. సాయంకాలము తరువాత కాఫీ, టీ, చుట్ట, పొగాకు మానవలెను. కల్లు గాని సారాయి గాని పుచ్చుకొన్నచో మొదట కన్ను మూతపడునే గాని నడిరాత్రి నిద్ర తెగును, మనస్సును మఱింత క్రుంగదీయును.

నిద్ర చెడుటకు దేహమున వేఱు కారణములున్నవేమో కూడ చూడవలెను. రాత్రి మాటిమాటికి మూత్రమునకు లేచుట, కీళ్ల నొప్పి, దగ్గు, ఆయాసము, కొన్ని మందుల గుణము, వీనివలన నిద్ర చెడవచ్చును. పెద్దగా గుఱకపెట్టుచు, నడుమనడుమ ఊపిరి నిలిచి ఉలికిపడి లేచువారికి అది వేఱొక రోగము. దానికి వేఱొక చికిత్స. దుకాణమునుండి నిద్రమాత్రలు తెప్పించి తమంతట తాము వాడుట ప్రమాదము. పెద్దవారు ఆ మత్తులో రాత్రి లేచి పడి తుంటి యెముక విఱుగగొట్టుకొనుచున్నారు. మాత్రకు దేహము అలవాటుపడి, అది లేక నిద్ర రాని స్థితియు కలుగును. వైద్యుడు ఇచ్చినప్పుడు, ఇచ్చినంతకాలము మాత్రమే వాడదగును.

కుంగుబాటు స్థిరపడినచో అలవాట్ల దిద్దుబాటు ఒక్కటి చాలదు. మాటలచేత చేయు చికిత్సయు, మందులును ఉన్నవి. కుంగుబాటునకిచ్చు మందు తలనొప్పి మాత్రవలె గంటలో పనిచేయునది కాదు. గుణము కనబడుటకు రెండునుండి నాలుగు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె అధికము పట్టును. నాలుగుదినములు వాడి గుణములేదని మానుటయు, గుణము కనబడగానే వైద్యుని యడుగక మానుటయు రెండును తప్పే. మనస్సు తేలికైన పిమ్మటకూడ నిద్ర ఇంకను చక్కబడకున్నచో దానిని వైద్యునకు తప్పక చెప్పవలెను. మిగిలిపోయిన నిద్రలేమి రోగము తిరుగబెట్టుటకు దారితీయవచ్చును.

గ్రామపెద్దలకు ప్రత్యేకముగా ఒక మనవి. మీ మాటకు ఊరిలో విలువ గలదు. ఒకడు పనికి రాకున్నను, నలుగురిలో కలియకున్నను, ఒక యిల్లాలు ముద్ద ముట్టకున్నను, వారిని సోమరులనియు, గాలి సోకినదనియు, మనస్సు గట్టిచేసికోవలెననియు అనుట సులభము. విఱిగిన కాలిని గట్టిగా నడువుమన్నచో నడువలేదు. పైన చెప్పిన పరిశోధనలు తెలుపుచున్న దేమనగా, తలపును ఆపవలసిన అదుపే ఈ రోగమున సడలియున్నది. ఆపుకొనుమని చెప్పిన మాట ఎంత మంచిదైనను దానిచేత రోగి సిగ్గుపడి రోగమును దాచునే గాని బాగుపడడు. రాత్రి నిద్ర ఎట్లున్నదని అడుగుడు. ఇది ఎవరికిని నొప్పి కలిగింపని ప్రశ్న. మనస్సునుగూర్చి పెదవి విప్పనివాడు నిద్రనుగూర్చి తప్పక చెప్పును. ఆ ద్వారమున ప్రవేశించి తక్కినవి మెల్లగా అడుగవచ్చును.

చావవలెనని తలపు వచ్చుచున్నదా అని అడుగుటకును సంకోచింపవలదు. అడుగుటవలన లేని తలపు పుట్టదు. ఉన్న తలపు బయటపడి భారము తగ్గును. అట్టి తలపు గలవానిని ఒంటరిగా వదలరాదు. పురుగుమందు డబ్బాలను ఇంటిలోనుండి తీసివేసి తాళము పెట్టవలెను. ఆ తీవ్రత చాలమందిలో కొంతసేపుండి తగ్గునది గనుక, ఆ కొంతసేపు మందు చేతికందకుండుటయే ప్రాణము నిలుపును. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న టెలి మానస్ అను టెలిఫోను సహాయమును ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను రుసుము లేకుండ మాటలాడవచ్చును. తెలుగులోను మాటలాడవచ్చును. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయినచో అక్కడి వైద్యుడు తాను చూచుటయో, జిల్లా ఆసుపత్రిలోని మానసికవైద్యునియొద్దకు పంపుటయో చేయును.

చెప్పిన దాని సారాంశ మిది. వారమునకు మూడు రాత్రులకు తక్కువగాక నిద్ర చెడి, అట్లు మూడు నెలలు గడచినచో దానిని వయస్సుమీద నెట్టివేయవలదు. దానితో మనస్సు చీకటిగా రెండువారములున్నచో అసలే జాగు చేయవలదు. మెదడులోని జాలములు బిగిసిన దారిని మాత్రమే శాస్త్రము చూపలేదు, నిద్రను చక్కబెట్టినచో కుంగుబాటు వచ్చుట తగ్గునని కూడ 60 ఏండ్లు దాటినవారియందే చూపినది. నేడు ఇంటికి పోయి, మీ యింటిలో అందఱికంటె ముందుగా మేలుకొనునది ఎవరో, ఆ చీకటివేళ వారేమి తలచుకొనుచు కూర్చుందురో ఒక్కమాట అడిగి తెలిసికొనుడు.